మరమ్మతు కూడా ఒక ఆరాధనే

సెప్టెంబరు 17వ తేదీన భిలాయి నగరంలో యంత్రాలన్నీ దేవతలవుతాయి. ఆనాడు విశ్వకర్మ పూజ. లేతు యంత్రానికి పసుపు, క్రేను కొక్కానికి పూలదండ, స్పానరుకు కుంకుమబొట్టు. దసరాకు మన ఇళ్లలో మోటారు సైకిలుకు బొట్టు పెట్టి, చక్రం కింద నిమ్మకాయలు ఉంచి చేసే ఆయుధపూజ కూడా ఇటువంటిదే. మనకు అన్నం పెట్టే పనిముట్టుకు నమస్కరించటం ఉత్తమ సంస్కారం. సందేహం లేదు. అయితే పూజ ఒక్కరోజు. మిగిలిన 364 రోజులూ ఆ యంత్రానికి మనం చేసే సేవ ఏమిటి? తుప్పు తుడిచామా? నూనె వేశామా? వదులైన బోల్టు బిగించామా? ఈ ప్రశ్నలకు సమాధానం నాకు ఒక పాత మోటారు సైకిలు నేర్పినది. ఆ పాఠానికి మా కుటుంబం చెల్లించిన వెల తక్కువైనది కాదు. అందుకే పాఠకులతో పంచుకొంటున్నాను.

భిలాయి ఉక్కు కర్మాగారానికి సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరినది 1955 ఫిబ్రవరి 2న. మొదటి బ్లాస్ట్ ఫర్నేసును 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. నాటికి ఇది మధ్యప్రదేశ్. 2000 నవంబరు 1 నుండి ఛత్తీస్‌గఢ్. రాయపూరును, విజయనగరాన్ని కలిపే రైలుమార్గం వెంట శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుండి వేలాది తెలుగు కుటుంబాలు ఈ కొలిమి వెలుగును వెదుక్కుంటూ వచ్చాయి. మా నాన్నగారు కూడా అట్లాగే 1965లో 22 ఏళ్ల వయసున ఒక ట్రంకు పెట్టెతో దుర్గ్ స్టేషనులో దిగారు. ఫర్నేసు మరమ్మతుల విభాగంలో ఆయనకు ఉద్యోగం.

ఆ రోజులలో షిఫ్టు మారే వేళకు రోడ్డంతా సైకిళ్లే. ఉదయం ఆరు, మధ్యాహ్నం రెండు, రాత్రి పది. ఈ మూడు వేళలా సెక్టార్ల నుండి కర్మాగారం వైపుకు సైకిళ్ల నది ఒకటి ప్రవహించేది. 1980ల నడుమ ఆ నదిలో కొత్త ధ్వని ఒకటి వినిపించసాగినది. అది జపాను ఇంజను ధ్వని.

ఈ జపాను బండ్ల కథ కూడా ముచ్చటైనదే. యుద్ధంలో బూడిదైన దేశంలో, 1946లో సొయిచిరో హోండా అనే మెకానిక్కు సైన్యం వదిలివేసిన చిన్న జనరేటరు ఇంజన్లను సైకిళ్లకు అమర్చి అమ్మసాగాడు. ఆ ప్రయత్నమే 1948లో హోండా సంస్థ అయినది. సంగీత వాద్యాలు తయారుచేసే ఒక సంస్థ నుండి 1955 జూలై 1న యమహా మోటారు సంస్థ వేరుపడినది. దాని మొదటి బండి 125 సి.సి.ల వై.ఎ.-1. జర్మనీ దేశపు డి.కె.డబ్ల్యు. బండిని చూసి నేర్చుకొని తయారుచేసినది. ముదురు ఎరుపు రంగు వల్ల జనం దానిని ముద్దుగా ‘ఎర్ర తూనీగ’ అనేవారు. భిలాయి ఒప్పందం కుదిరిన సంవత్సరమూ, ఆ తూనీగ పుట్టిన సంవత్సరమూ ఒక్కటే కావటం విశేషం. ఒకరి వద్ద వినయంతో నేర్చుకొని, తరువాత తన కాళ్లపై తాను నిలిచిన చరిత్ర రెండింటిదీ.

మన దేశంలో ఎస్కార్ట్స్ సంస్థ 1983లో యమహా ఆర్.డి. 350 బండిని రాజ్‌దూత్ 350 పేరుతో తయారుచేయటం ఆరంభించినది. 347 సి.సి.లు, రెండు సిలిండర్లు, ఆరు గేర్లు, మొదటి రకానికి ముప్పై అశ్వశక్తికి పైగా బలం. స్కూటరుకే సంవత్సరాలపాటు వేచి చూసిన దేశానికి అది పట్టరాని గుర్రం. దాని పెట్రోలు దాహానికీ, ధరకూ వెరచి సామాన్యులు దూరంగా నిలిచారు. ఆ దశాబ్దం ముగిసే నాటికి దాని తయారీ కూడా ముగింపుకు వచ్చినది. ఆనాడు కొనేవారు లేని ఆ బండి కోసమే నేడు సంపన్నులు ఊరూరా గాలిస్తున్నారు! కాలం తూచే తూకం ఇట్లా ఉంటుంది.

సామాన్యుని ఇంటికి వచ్చినవి చిన్నబండ్లు. 1984లో ఇండ్-సుజుకి, 1985లో హీరో హోండా సి.డి. 100, అదే సంవత్సరం యమహా ఆర్.ఎక్స్. 100, ఆపైన కవాసాకి బజాజ్. వీటిలో ఆర్.ఎక్స్. 100 యువకుల హృదయాలను దోచినది. 98 సి.సి.లు, 11 అశ్వశక్తి, సుమారు నూరు కిలోల బరువు. బరువు తక్కువ, బలం ఎక్కువ కావటమే దాని రహస్యం. నాన్నగారు 1989లో, ఇరవై నాలుగేళ్లు సైకిలు తొక్కిన తరువాత, నల్లరంగు ఆర్.ఎక్స్. 100 కొన్నారు. ఇంటికి తెచ్చిన రోజున అమ్మ ఎర్రనీళ్లు దిష్టి తీసినది. తరువాత పన్నెండేళ్లు ఆ బండి ఆయనను షిఫ్టుకు చేర్చినది, మమ్మల్ని బడికి చేర్చినది. పండుగలకు పెట్రోలు టాంకుపై తమ్ముణ్ణి, వెనుక అమ్మను, నన్ను ఎక్కించుకొని మైత్రీబాగ్‌కు తీసుకువెళ్లేవారు. అది శాస్త్రీయమైన ప్రయాణం కాదు. కాని ఆనాటి మధ్యతరగతి సంసారాలన్నీ అట్లాగే ప్రయాణించాయి.

నాన్నగారు ఉద్యోగ విరమణ చేసిన తరువాత బండి తమ్ముని చేతికి వచ్చినది. వాడికి అప్పుడు ఇరవై ఏళ్లు. ఉన్న వేగం చాలలేదు. 2002లో ఒక మెకానిక్కు షెడ్డులో సిలిండరు పోర్టులను గీకించాడు. హెడ్డును లేతుపై పెట్టి పలుచన చేయించాడు. సైలెన్సరు తీసివేసి, బొజ్జ కలిగిన పందెపు గొట్టం అమర్చాడు.

వీటి ఫలితం ఏమిటో పాఠకులు గ్రహించటం అవసరం. ఇటువంటి రెండు స్ట్రోకుల ఇంజను హెడ్డులో వాల్వులు ఉండవు. పొగ పోవటానికీ, కొత్త గాలి రావటానికీ సిలిండరు గోడకు ఉన్న కిటికీలే ద్వారాలు. పొగ కిటికీని పైకి గీకితే అది ముందుగా తెరుచుకొంటుంది. ఇంజను అతివేగంగా తిరిగినపుడు బలం పెరుగుతుంది, నెమ్మదిగా తిరిగినపుడు తగ్గుతుంది. హెడ్డు పలుచన చేస్తే లోపలి ఒత్తిడి, దానితో పాటు వేడి హెచ్చుతాయి. అంటే ఇంజనుకు జ్వరం తెప్పించి పరుగెత్తించటం అన్నమాట. బండి వేగం హెచ్చినది. కాని బ్రేకు? అది 1989 నాటిదే. అరిగిన షూలు, సాగిన తీగ. తయారుచేసినవారు ఆ బ్రేకును ఆ బలానికి, ఆ వేగానికి సరిపోయేటట్లు లెక్కగట్టారు. మేము లెక్కలో ఒక వైపు అంకె మార్చి, రెండవ వైపు అట్లాగే వదిలివేశాము.

ఒక మధ్యాహ్నం, రెండవ షిఫ్టుకు ఆలస్యమై తొందరగా సైకిలు తొక్కుతున్న ఒక ఠేకా కార్మికుడు కూడలి వద్ద అడ్డువచ్చాడు. నిజానికి అడ్డువచ్చినది ఆయన కాదు, మావాడే. తమ్ముని కాలు విరిగినది. ఆ కార్మికుని కుడిచేయి మోచేతి వద్ద విరిగినది. తప్పు మాదని ఒప్పుకొన్నాము. వైద్యపు ఖర్చు భరించాము. ఆయన పని మానిన నెలల కూలి కూడా నాన్నగారు తన పి.ఎఫ్. సొమ్ములో నుండి ఇచ్చారు. అయితే డబ్బుతో చేయి తిన్నగా రాలేదు. అది ఈనాటికీ పూర్తిగా చాపటానికి రాదు.

నాన్నగారు ఎవరినీ దూషించలేదు. బండిని పెరట్లోకి నెట్టి, దానిపై గోనెపట్టా కప్పారు. ఆ పట్టాను పద్ధెనిమిది సంవత్సరాల పాటు ఎవరూ ఎత్తలేదు.

ఈలోగా లోకం మారినది. ఆర్.ఎక్స్. 100 తయారీ 1996లోనే ఆగిపోయినది. రెండు స్ట్రోకుల ఇంజనులో పెట్రోలుతో పాటు నూనె కూడా కాలుతుంది. పైగా కొత్తగా లోపలికి వచ్చిన ఇంధనంలో కొంత భాగం కాలకుండానే పొగ కిటికీ గుండా బయటికి పోతుంది. పొగపై నిబంధనలు బిగిసే కొద్దీ ఆ జాతికి కాలం తీరినది. కాని దొరకని వస్తువుపై మనిషికి మోజు పెరగటం సహజం కదా! 2020లో ఒక యువకుడు పెరట్లోని ఆ తుప్పు ముద్దను చూసి లక్ష రూపాయలు ఇస్తానన్నాడు. తమ్ముడు ఆశ్చర్యపోయాడు. నాన్నగారు మాత్రం, “అమ్మటానికి అది ఇంకా మన బాకీ తీర్చలేదు, మనమూ దాని బాకీ తీర్చలేదు” అన్నారు.

మరునాడు గోనెపట్టా ఎత్తి తమ్మునితో, “ఒరే బాబూ, దీనికి కాపిటల్ రిపేరు చేద్దాం. నువ్వు చేయి, నేను చూస్తాను” అన్నారు.

‘కాపిటల్ రిపేరు’ అనేది భిలాయిలో ప్రతి ఇంటికీ తెలిసిన మాట. బ్లాస్ట్ ఫర్నేసు లోపలి గోడలను అగ్నికి ఓర్చే ఇటుకలతో కడతారు. సంవత్సరాల తరబడి సుమారు 1500 డిగ్రీల కరుగు ఇనుమును మోసి మోసి ఆ ఇటుకలు అరిగిపోతాయి. అప్పుడు ఫర్నేసును పారవేయరు. చల్లార్చి, అరిగిన పొరను తొలగించి, కొత్త ఇటుక పేర్చి తిరిగి వెలిగిస్తారు. నాన్నగారు జీవితమంతా చేసినది ఆ పనే. అరుగుదల నేరం కాదని, అది సేవకు గుర్తు అని, అరిగిన దానిని గుర్తించకపోవటమే నేరమని ఆయన నమ్మకం.

మరమ్మతు పధ్నాలుగు నెలలు సాగినది. ఆయన పెట్టిన మొదటి నియమం: విప్పే ముందు చూడు, చూసినది రాయి. తమ్ముడు ప్రతి బోల్టును విప్పిన క్రమంలో చిన్న డబ్బాలలో వేసి, కాగితంపై బొమ్మ గీసుకొన్నాడు. బిగుసుకొన్న పిస్టనును సుత్తితో కొట్టబోతే నాన్నగారు చేయి పట్టుకొన్నారు. నూనె పోసి వారం రోజులు వేచి ఉండమన్నారు. తొమ్మిదవ రోజున అది దానంతట అదే కదిలినది. ఓర్పు కూడా ఒక పనిముట్టే.

గీకిన సిలిండరు తిరిగి పనికిరాలేదు. అరిగిన సిలిండరైతే మిల్లీమీటరులో పావువంతు చొప్పున బోరు పెంచి, దానికి తగిన పెద్ద పిస్టను వేయవచ్చు. గీకినదాన్ని పూడ్చటం అట్లా వీలుకాదు. అరుగుదలకు మందు ఉన్నది గాని, అత్యాశకు లేదు. చివరకు లోపల కొత్త స్లీవు వేయించి, కిటికీలను మొదటి కొలతలకే కోయించవలసి వచ్చినది. క్రాంకుకు కొత్త బేరింగులు, కొత్త ఆయిల్ సీళ్లు వేశారు. రెండు స్ట్రోకుల ఇంజనులో క్రాంకు గది కూడా గాలి పీల్చే ఊపిరితిత్తి వంటిది. సీలు కారితే దొంగగాలి చొరబడుతుంది, ఇంధనం పలుచనై పిస్టను కాలిపోతుంది. చూపుకు రంగు, ప్రాణానికి సీలు. ఎక్కువమంది మొదటి దానికి వేలు ఖర్చు చేసి, రెండవ దాని వద్ద పదులు మిగుల్చుకొంటారు.

పెట్రోలు టాంకు విషయంలో ఒక హెచ్చరిక చెప్పాలి. ఖాళీ టాంకు నిండు టాంకు కంటె ప్రమాదకరం. ఎన్ని సంవత్సరాలు ఎండినా లోపల ఆవిరి దాగి ఉండవచ్చును. దానిపై వెల్డింగు మంట పెట్టటం బాంబుపై పెట్టటంతో సమానం. ఆ పని బాగా తెలిసినవారికే అప్పగించాలి. అట్లాగే, తుప్పు గీకే ఉత్సాహంలో చాసిస్ నంబరును, ఇంజను నంబరును గీకరాదు. ఆ అంకెలు చెరిగిన బండి ఎంత మెరిసినా చట్టం దృష్టిలో అనామకమే.

చట్టం ప్రస్తావన వచ్చినది గనుక మరికొంత చెప్పుకోవలసి ఉన్నది. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు తయారీదారు మూలంగా పేర్కొన్నవాటికి భిన్నమయ్యేటట్లు యజమాని బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ విషయాన్ని స్పష్టం చేసినది. అదే సంవత్సరం వచ్చిన సవరణ, అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని విధించే అవకాశం కల్పించినది. పదిహేను సంవత్సరాల తరువాత బండిని తనిఖీ చేయించి, అయిదేళ్లకు ఒకసారి రిజిస్ట్రేషను పునరుద్ధరించుకోవాలి. 2021 జూలైలో కేంద్రప్రభుత్వం యాభై సంవత్సరాలు దాటి, మూలరూపం చెడని బండ్లను ‘వింటేజి’ వాహనాలుగా గుర్తించే నియమాలు చేసినది. మా బండి ఆ గౌరవానికి ఇంకా చిన్నది. ఆలస్యపు రుసుము చెల్లించి, తనిఖీకి నిలబెట్టి, బీమా కట్టిన తరువాతనే అది గేటు దాటినది.

పని నడుమ తండ్రీకొడుకుల మధ్య రెండుసార్లు వాదం జరిగినది.

మొదటిది బ్రేకు గురించి. “నాన్నా, ముందు చక్రానికి వేరే బండి డిస్కు బ్రేకు వేద్దాం. ఈసారి భద్రత కోసమే కదా!” అన్నాడు తమ్ముడు. నాన్నగారు కొంతసేపు ఆలోచించి, “బండికి వేగం ఎంతో, బ్రేకు అంత ఉండాలి. వేగాన్ని మొదటి చోటుకు తెచ్చాం. బ్రేకును కూడా మొదటి ఆరోగ్యానికి తెస్తే చాలు. ముందు ఉన్నదానిని సరిగా ఉంచటం నేర్చుకో” అన్నారు. డ్రమ్మును గుండ్రంగా సాపు చేయించారు. కొత్త షూలు, కొత్త తీగ, అదే కొలతలో కొత్త టైర్లు వేయించారు. పునరుద్ధరణకూ మూఢత్వానికీ తేడా ఇక్కడ ఉన్నది. ముప్పై ఏళ్ల నాటి ‘అసలు టైరు’ అని పగిలిన రబ్బరును పట్టుకు వేళ్లాడటం భక్తి కాదు, అజ్ఞానం. జ్ఞాపకాన్ని మోసే భాగాలను కాపాడుకోవాలి. ప్రాణాన్ని మోసే భాగాలను మార్చుకోవాలి.

రెండవ వాదం టాంకుకు ఉన్న సొట్ట గురించి. అది ఆ కూడలిలో పడిన సొట్ట. డెంటింగు పనివాడు గంటలో తీసివేస్తానన్నాడు. “రంగు వేసేముందు తీయించేద్దాం నాన్నా, చూడలేకపోతున్నాను” అన్నాడు తమ్ముడు. “చూడలేకపోతున్నావు గనుకనే ఉండనీ” అన్నారు నాన్నగారు. సొట్టపైనే నల్లరంగు వేశారు. బండి అంతా అద్దంలా మెరుస్తుంది. అక్కడ మాత్రం వెలుతురు వంగి కనిపిస్తుంది.

2021 చివరలో ఒక ఆదివారం ఉదయం బండి మేలుకొన్నది. మొదట తెల్లని పొగ, తరువాత ఆ పరిచితమైన ధ్వని. అమ్మ లేదు గనుక దిష్టి నేనే తీశాను. మొదటి ప్రయాణం ఎక్కడికి అని అడగలేదు. 78 ఏళ్ల నాన్నగారు తమ్ముని వెనుక కూర్చొని, “మెల్లగా పోనీ” అన్నారు. భిలాయి పొలిమేరలో ఉన్న ఆ కార్మికుని ఇంటికి వెళ్లారు. నేను వెనుక స్కూటరుపై వెళ్లాను.

ఆయన ఇప్పుడు పని మానేశాడు. గుమ్మంలో కూర్చొని ఉన్నాడు. బండిని గుర్తుపట్టాడు. చాలాసేపు ఏమీ అనలేదు. తమ్ముడు దిగి ఆయన పాదాలు తాకాడు. అప్పుడు ఆయన లేచి వచ్చి, తన భాషలో ఒక్కమాట అన్నాడు: “ముందు బ్రేకు చూపించు. బండి తరువాత చూస్తాను.”

తమ్ముడు నాలుగడుగులు నడిపి బ్రేకు పట్టాడు. బండి ఉన్నచోటనే నిలిచినది. ఆయన పూర్తిగా చాపలేని ఆ చేతితోనే బ్రేకు లివరును రెండుసార్లు నొక్కి చూశాడు. తల ఊపాడు. లోపలికి కేకవేసి చాయ్ తెప్పించాడు.

ఆ బండిని మేము నెలకు రెండు ఆదివారాలు మాత్రమే, కొద్ది దూరమే నడుపుతాము. దాని పొగ పరుల ఊపిరిలో కలుస్తుందని మరువలేము. దాన్ని నిత్యవాహనంగా వాడవలసిన అవసరమూ లేదు.

పాఠకులలో ఎందరి ఇళ్లలోనో తండ్రిగారి బండి ఒకటి గోనెపట్టా కింద ఉండి ఉండవచ్చును. దాన్ని మేల్కొలపాలని ఉంటే తప్పక మేల్కొల్పండి. కాని రంగుతో కాక బ్రేకుతో ఆరంభించండి. మన చేతిలోని యంత్రం మనకు ఎంత వేగం ఇస్తుందో అది దాని శక్తి. ఎదుటివాని కోసం అది ఎక్కడ ఆగుతుందో అది మన సంస్కారం. విశ్వకర్మకు పూలదండ ఏడాదికి ఒకసారి చాలు. బ్రేకు తీగను మాత్రం వారం వారం చూడవలసినదే.